పోయిన వస్తువుల అర

రోహుకూలా నుంచి హెల్తెర్మా దాకా
పడవలో గంటంబావు.
క్యాంటీన్లో కాఫీ యంత్రం వెనక,
గొడుగుల కింద, జత తప్పిన చేతి తొడుగుల కింద
జనం మరిచిపోయిన పుస్తకాలు.
మూడు నెలలు చూసి ఎవరికైనా ఇచ్చెయ్యమని నియమం.
చూడటం వరకూ నియమం పాటిస్తున్నాను.
చదవొద్దని అందులో లేదు.

ఈ చలికాలం ఆరు అయ్యాయి.
నాలుగు హత్యలవి, రెండు మాయలవి.

మొదటిది నల్ల అట్ట, దాని మీద ఎర్ర బూటు.
మూడో పేజీకే శవం.
శవానికి పేరుంది, వయసుంది, భుజం మీద పచ్చబొట్టుంది.
బతికుండగా ఒక్క పూటైనా ఏం తిన్నదో
రాయలేదు ఆ మహానుభావుడు.
సూప్ పోసే చెయ్యి నాది. నాకది పట్టింపు.

పైగా హంతకుడు మంచు రోడ్డు మీద కారులో పారిపోతాడు,
సీటు బెల్టు బిగించుకుని!
సముద్రం గడ్డకట్టిన ఏడు మేమైతే
బెల్టు విప్పాకే చక్రం మంచెక్కిస్తాం.
విరిగితే దూకాలి కదా.
ఎండెల్‌కి చదివి వినిపించాను.
ఇంజను గదిలోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ
అంతా విని అన్నాడు:
"ఇక వాడికి పోలీసులెందుకు?"

రెండోదాంట్లో ఒక తోటమాలి.
గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటాడు.
వాడు కాదని నలభయ్యో పేజీకే తెలుసు.
అడగకుండానే అందరికీ టీ కలిపిచ్చే డాక్టరే అనీ తెలుసు.
అయినా చివరిదాకా కూర్చున్నాను.
తెలియడం వేరు,
వాడి నోటితో వాడు ఒప్పుకుంటుంటే వినడం వేరు.

మూడోదాన్ని ఎవరో
రెండువందల పన్నెండో పేజీలో టికెట్టు పెట్టి వదిలేశారు.
తెలివైన మనిషి.
రెండువందల పదమూడులో
కవల సోదరుడు ఊడిపడ్డాడు.

నాలుగోదాని గురించి మాట్లాడను.
వారం రోజులు వరండాలో దీపం ఆర్పలేదు.
అంటే, మెచ్చుకున్నట్టే.

ఇక మాయలు.
లావు పుస్తకం, ముందు మడత పటం.
ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ గొంతులో చేప ముల్లు.
ఒక నది చూస్తే కొండెక్కి పారుతోంది.
మాయేమో అనుకుని ఆరువందల పేజీలు ఓపిక పట్టాను.
మాయ కాదు, గీసినవాడి తొందర.
డ్రాగన్ ఎగరనీ, నాకేం అభ్యంతరం లేదు.
నీళ్ళు మాత్రం పల్లానికే పోవాలి.

ఆఖరిది, రెండో భాగం.
మొదటిది ఎవరింట్లో ఉందో.
తెరవగానే అందరూ సోర్న అనే పిల్ల కోసం ఏడుస్తున్నారు.
ఎవరామె, ఎలా పోయింది, ఒక్కరూ చెప్పరు.
గుర్రాలవాడు రెండు గిన్నెల్లో వడ్డించి
ఒకదాన్ని మాట్లాడకుండా వెనక్కి వంచుతాడు.
అంతే.
పుస్తకం మూసి
సముద్రం వైపు కాసేపు చూశాను.

నేను ఈ దీవికి వచ్చిన ఏడాది,
ఆ ముందు వసంతంలో చేపల పడవొకటి తిరిగి రాలేదట.
దుకాణంలో వాల్దుర్ అనే పేరు దొర్లితే
తూకం మీది చెయ్యి ఆగేది.
రొట్టె పట్టుకుని నిలబడేదాన్ని.
అడగకూడదని తెలిసేది,
ఏది అడగకూడదో తెలిసేది కాదు.
ఇరవై ఆరేళ్ళు.
ఇప్పుడు ఆ పేరు దగ్గర నా చెయ్యీ ఆగుతుంది.
అతన్ని నేను చూడనేలేదు.

ఆ పుస్తకం రాసినామెకి మాయలు అంతంత మాత్రమే.
మంత్రదండం పట్టుకోవడం చేతకాదు.
గిన్నె వెనక్కి వంచడం వచ్చు.

నిన్న సాయంత్రం ఒక కుర్రాడొచ్చాడు,
తానెల్ అట, ముక్కు ఎర్రగా.
"నీలం అట్ట, మూల నలిగుంటుంది" అన్నాడు.
తీసిచ్చాను.
లోపల నా కాఫీ మరక చూసి
కోపం రాలేదు, మొహం వెలిగింది.
"చదివారా! మొదటి భాగం తెచ్చివ్వనా?"

వద్దన్నాను.
మూడోది కొన్నప్పుడు
ఈ బల్ల మీదే మరిచిపొమ్మన్నాను.